ఈ ఫోటో దేనిది?

సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినవాళ్లకు ఆ చెక్క బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఎదురుగా నిలబడితే ఛాతీ విరుచుకుని కనిపించేవాడు మెఫిస్టోఫిలిస్, జర్మన్ మహాకవి గోథే ‘ఫౌస్ట్’ నాటకంలోని సైతాను. బొమ్మ వెనక అద్దం ఉంటుంది. అందులో తల వంచుకుని నిలబడ్డ మార్గరెట్టా కనిపిస్తుంది, అదే నాటకంలోని అమాయకురాలు. చూసేవాళ్లు ఇద్దరనుకుంటారు గానీ ఉన్నది ఒకే సైకమోర్ దుంగ. ఒకవైపు అతన్ని, రెండోవైపు ఆమెను చెక్కారు. 19వ శతాబ్దపు ఫ్రెంచి పనితనం అది.

ఈ బొమ్మ వివరాలను ఒక వెబ్ అప్లికేషన్‌లోకి ఎక్కించాలనుకుందాం. పేరు, కాలం, చెక్క రకం, కొలతలు రాయడానికి ఇబ్బంది లేదు. ‘ఫోటో’ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. మెఫిస్టోఫిలిస్ ఫోటో పెడితే మార్గరెట్టా లేనట్టే. మార్గరెట్టాది పెడితే అతను లేనట్టే. అద్దంతో సహా తీస్తే ఇద్దరూ వస్తారు, కానీ అద్దంలోని మనిషికి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆమె కుడిచెయ్యి ఎడమచెయ్యిగా నమోదవుతుంది. రేపు ఎవరైనా విద్యార్థి ఆ ఒక్క ఫోటో చూసి శిల్పం గురించి రాస్తే తప్పు రాస్తాడు.

ఒక్క గడి చాలదని తేలిపోయింది. మరి ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? వెబ్ అప్లికేషన్లు కట్టేవాళ్లకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. చూడ్డానికి చిన్నదే. కానీ ఆ వ్యవస్థ పదేళ్లు నిలుస్తుందా, రెండేళ్లకే చిక్కుపడిపోతుందా అన్నది చాలావరకు దీనికిచ్చే జవాబు మీదే ఉంటుంది.

మ్యూజియం వస్తువులను ఇలా ఎక్కించడం హైదరాబాద్ పాతబస్తీకి నిజంగా ఎదురైన పని. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) కుటుంబం పోగుచేసిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవ్‌డీలో నెహ్రూ ప్రారంభించిన ఈ మ్యూజియం, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. కళాఖండాలే సుమారు 46 వేలు. వాటికి తోడు వేల సంఖ్యలో రాతప్రతులు, అరవై వేలకు పైగా అచ్చు పుస్తకాలు. కేంద్ర సాంస్కృతిక శాఖ దేశంలో పది మ్యూజియాల సేకరణలను ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని చేపట్టినప్పుడు తెలుగు నేల నుంచి రెండింటిని తీసుకున్నారు. ఒకటి సాలార్‌జంగ్, రెండోది నాగార్జునకొండ. ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది పుణేలోని సీడాక్. నేను చెప్పబోయేది ఏదో ఒక్క సాఫ్ట్‌వేర్ సంగతి కాదు. ఇలాంటి ఏ వ్యవస్థకైనా అడుగున ఉండే లెక్క.

వెబ్ అప్లికేషన్‌ను ఎవరూ మొదటి ఇటుక నుంచి కట్టరు. ఫ్రేమ్‌వర్క్ అనే తయారుగా ఉన్న చట్రాన్ని తీసుకుని అందులో తమ పని ఇముడ్చుకుంటారు. 2004లో వచ్చిన రూబీ ఆన్ రెయిల్స్, 2005లో వచ్చిన జాంగో, 2011లో వచ్చిన లారావెల్ అలాంటివే. ఈ మూడింటిలోనూ సమాచారం చివరికి చేరేది డేటాబేస్‌లోని పట్టికల్లోకి. ఒక్కో రకం వస్తువుకు ఒక్కో పట్టిక, ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస, ప్రతి వరుసకూ ఒక నంబరు. ఒక వరుసలో ఇంకో వరుస నంబరు రాసుకుంటే ఆ రెంటికీ సంబంధం ఏర్పడినట్టు. 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన ఈ పద్ధతి మీదే నేటికీ బ్యాంకుల నుంచి రైల్వే రిజర్వేషన్ దాకా ఎన్నో వ్యవస్థలు నడుస్తున్నాయి. 1976లో పీటర్ చెన్ దీనికి ఒక ముఖ్యమైన మాట చేర్చాడు. వస్తువులకే కాదు, వాటి మధ్య ఉన్న సంబంధానికి కూడా సొంత లక్షణాలు ఉంటాయన్నాడు. ఫోటోల విషయంలో మన కథంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

మొదట్లో అందరూ చేసింది సులువు పని. వస్తువుల పట్టికలోనే ఫోటో కోసం కొన్ని గళ్లు కలిపేశారు. రెయిల్స్ వాళ్లు ఎన్నో ఏళ్లు వాడిన పేపర్‌క్లిప్ అనే ఉపకరణం ప్రతి ఫోటోకూ నాలుగు గళ్లు అడిగేది: ఫైలు పేరు, దాని రకం, సైజు, మార్చిన సమయం. జాంగోలో ఇమేజ్‌ఫీల్డ్ అయితే ఒకే గడి. అందులో ఉండేది బొమ్మ కాదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే. మ్యూజియం గేటు దగ్గర సంచి అప్పగిస్తే టోకెన్ ఇస్తారు కదా, డేటాబేస్ చేతిలో ఉండేది ఆ టోకెన్. సంచి వేరే చోట ఉంటుంది.

ఒక మనిషికి ఒక ఫోటో చాలనుకునే చోట ఈ పద్ధతికి వంక పెట్టలేం. మన జంట బొమ్మ దగ్గర మాత్రం ఇది కూలిపోతుంది. ఫోటో1, ఫోటో2, ఫోటో3 అని గళ్లు పెంచుకుంటూ పోతే ఆ పట్టికకు అంతుండదు. అలా పెంచిన పట్టికలు చాలాచోట్ల కనిపిస్తాయి. వాటిలో సగం గళ్లు ఖాళీగా ఉంటాయి, ఫోటో2 అంటే వెనకవైపా, పక్కవైపా అన్నది రాసిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

అందుకని ఫోటోను వస్తువు నుంచి విడదీయాలి. ఫోటోలకు సొంత పట్టిక, సొంత నంబరు. ప్రతి ఫోటో వరుసలో తాను ఏ వస్తువుదో ఆ వస్తువు నంబరు రాసుకుంటుంది. ఒక వస్తువుకు ఎన్ని ఫోటోలైనా ఉండొచ్చు. సాలార్‌జంగ్‌లో ప్రతి గంటకూ జనం గుమిగూడి చూసే గంటల గడియారం ఉంది, కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీది. గంట కాగానే లోపలి నుంచి చిన్న మనిషి బొమ్మ వచ్చి గంట కొట్టి వెళ్తుంది. దానికి నిశ్చల చిత్రం ఎన్ని తీసినా అసలు విషయం అందదు, వీడియో కావాలి. ఫోటోల పట్టికను మొదటి నుంచే వేరుగా ఉంచితే వీడియో కూడా మరో వరుసగా వచ్చి కూర్చుంటుంది. వస్తువుల పట్టికను ముట్టుకోనక్కర్లేదు.

వస్తువుకు నంబరు ఎందుకు, పేరు చాలదా అని అడగొచ్చు. ఇదే మ్యూజియంలోని ‘మేలిముసుగు రెబెక్కా’ను చూడండి. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. పలుచని తడిబట్ట వెనక ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. బెంజోనీ ఇదే బొమ్మను ఒకటికి మించి చెక్కాడు. అమెరికాలో అట్లాంటా నగరంలోని హై మ్యూజియంలోనూ ఒకటుంది. పేరు ఒకటే, శిల్పి ఒకడే, రూపం ఒకటే. పేరును బట్టి ఫోటోలు జత చేసే వ్యవస్థ అట్లాంటా రెబెక్కాను తెచ్చి హైదరాబాద్ రెబెక్కాకు అంటగట్టడానికి ఎంతోసేపు పట్టదు. మ్యూజియాల్లో ప్రతి వస్తువుకూ ఇచ్చే అక్సెషన్ నంబరు ఇందుకే. కంప్యూటర్లు రాకముందు నుంచీ క్యూరేటర్లకు ఈ సంగతి తెలుసు.

ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది. ఫోటోలు కావలసింది శిల్పాలకే కాదు. రాతప్రతులకు కావాలి, అచ్చు పుస్తకాల అట్టలకు కావాలి, భవనానికి కావాలి, గ్యాలరీలకు కావాలి. ఒక్కోటీ ఒక్కో పట్టిక. ఫోటో వరుసలో ‘17’ అని ఉంటే అది పదిహేడో శిల్పమా, పదిహేడో రాతప్రతా?

ఫ్రేమ్‌వర్క్‌లు దీనికి చెప్పే ఉపాయం పాలిమార్ఫిక్ అసోసియేషన్, అంటే బహురూప బంధం. ఫోటో వరుసలో ఒకటి బదులు రెండు గళ్లు పెడతారు. మొదటిది ఏ రకం వస్తువో, రెండోది ఆ రకంలో ఎన్నోదో. ‘రాతప్రతి, 17’ అని రాస్తే ఇక అనుమానం లేదు. లారావెల్ పుస్తకంలో ఈ పాఠానికి ఉదాహరణే ఫోటోలు. 2018లో రెయిల్స్ 5.2తో వచ్చిన యాక్టివ్ స్టోరేజ్ అయితే ఇంకో అడుగు వేసింది. ఫైలు వివరాలకు ఒక పట్టిక, ఆ ఫైలును వస్తువుకు తగిలించే అతుకులకు మరో పట్టిక పెట్టింది. అతుకుల పట్టికలో ఉండేవి ఆ అతుకు పేరు, వస్తువు రకం, వస్తువు నంబరు, ఫైలు నంబరు. అదే ఏడాది పేపర్‌క్లిప్ తయారీదార్లు తమ ఉపకరణాన్ని విరమించి, అందరినీ దీనికే మళ్లమన్నారు.

ఈ ఉపాయానికి ఒక మూల్యం ఉంది. దాని గురించి పాఠాల్లో తక్కువ చెబుతారు. మామూలు బంధంలో డేటాబేస్ కాపలా కాస్తుంది. లేని వస్తువు నంబరు రాయబోతే ఒప్పుకోదు. ఫోటోలున్న వస్తువును తీసేయబోతే ఆపుతుంది. ఆ కాపలాకు ఏ పట్టికలో వెతకాలో ముందే తెలియాలి. బహురూప బంధంలో పట్టిక పేరే ఒక మాటగా గడిలో ఉంటుంది కాబట్టి డేటాబేస్ చేతులెత్తేస్తుంది. బాధ్యతంతా ప్రోగ్రామ్ మీద పడుతుంది. ప్రోగ్రామ్ రాసేవాళ్లు మారతారు, పాత కోడ్ పోయి కొత్తది వస్తుంది. వేల ఫోటోలు ఎవరివో తెలియకుండా మిగిలిపోవడం అప్పుడే మొదలవుతుంది. చిన్న దుకాణం వెబ్‌సైట్‌కు ఈ నష్టం భరించదగ్గదే. వందేళ్లు దాచాల్సిన సేకరణకు మాత్రం నేను ఒప్పుకోను. శిల్పాల ఫోటోలకు ఒక జోడింపు పట్టిక, రాతప్రతుల ఫోటోలకు మరొకటి అని విడివిడిగా పెట్టి డేటాబేస్‌నే కాపలా పెట్టడం మేలు. రెండు పట్టికలు ఎక్కువైతే ఎక్కువయ్యాయి.

జోడింపు పట్టిక పెడితే పీటర్ చెన్ చెప్పిన లాభం కూడా చేతికొస్తుంది. ‘వెనకవైపు’ అన్నది ఫోటో లక్షణమా, బొమ్మ లక్షణమా? రెండూ కాదు. ఈ ఫోటో ఈ బొమ్మను ఎటునుంచి చూస్తోంది అన్నది ఆ రెంటి మధ్య సంగతి. ‘అద్దంలో కనిపిస్తున్నది, కుడి ఎడమలు మారాయి’ అన్న హెచ్చరికా అంతే. ‘జాబితాలో ముందు చూపించాల్సిన ఫోటో ఇదే’ అన్న గుర్తూ అంతే. ఇవన్నీ జోడింపు వరుసలో ఉండాల్సినవి. యాక్టివ్ స్టోరేజ్ సొంత అతుకుల పట్టికలో వీటికి చోటు లేదు. కాబట్టి అనుభవమున్నవాళ్లు మధ్యలో తమదైన ఒక పట్టిక పెట్టుకుంటారు. దాన్ని ‘దృశ్యం’ అందాం. బొమ్మకు ఎన్నో దృశ్యాలు, ఒక్కో దృశ్యానికి ఒక ఫైలు, ఆ దృశ్యం వరుసలోనే ఏ వైపు, ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎన్నో స్థానం.

స్థానం అన్న మాట రాతప్రతుల దగ్గర ప్రాణంతో సమానం. సాలార్‌జంగ్ గ్రంథాలయంలో అరబ్బీ, ఫారసీ, ఉర్దూ రాతప్రతులు ఎన్నో ఉన్నాయి. వాటిని కుడి నుంచి ఎడమకు తిప్పుతారు. కెమెరా ముందు పుస్తకం విప్పి రెండు పేజీలు ఒకేసారి తీస్తే కుడిపక్కది ముందు, ఎడమపక్కది తర్వాత. ఎడమ నుంచి వరస పెట్టే మామూలు ఫోటో గ్యాలరీలో వేస్తే గ్రంథమంతా తలకిందులవుతుంది. అలాగే ఫైళ్లను అప్‌లోడ్ అయిన క్రమంలో చూపించే వ్యవస్థలున్నాయి. యాభై పేజీలు ఒకేసారి పంపితే చిన్న ఫైళ్లు ముందు చేరతాయి, పెద్దవి వెనకబడతాయి. అందుకే స్థానాన్ని ఒక అంకెగా రాసి పెట్టుకోవాలి, కాలానికి వదిలేయకూడదు.

ఆ పాత లేఖకులు ఈ సమస్యను తమ పద్ధతిలో పరిష్కరించుకున్నారు. పేజీ చివర, గీత కింద, తర్వాతి పేజీలో వచ్చే మొదటి మాటను చిన్నగా రాసేవాళ్లు. కుట్టు ఊడి కాగితాలు చెదిరినా ఆ మాట పట్టుకుని మళ్లీ వరస పేర్చవచ్చు. కంప్యూటర్ శాస్త్రంలో లింక్డ్ లిస్ట్ అనే నిర్మాణం సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. ప్రతి గడీ తన తర్వాతి గడి ఎవరో చెబుతుంది, మొత్తం లెక్క ఎవరి దగ్గరా ఉండదు. మధ్యలో ఒక కాగితం పోతే, పోయిందని కూడా ఈ పద్ధతిలో తెలిసిపోతుంది. 

పోయిన కాగితాన్ని ఎలా నమోదు చేయాలి? ప్రపంచంలోని పెద్ద గ్రంథాలయాలు 2011లో మొదలుపెట్టిన ట్రిపుల్ ఐఎఫ్ అనే ఉమ్మడి ప్రమాణంలో దీనికి చక్కని జవాబుంది. అందులో పేజీ వేరు, పేజీ ఫోటో వేరు. పేజీకి ముందు ఖాళీ కాన్వాస్ ఒకటి సృష్టిస్తారు. ఫోటోను దాని మీద అతికిస్తారు. ఫోటో లేకపోయినా కాన్వాస్ ఉంటుంది, పేజీ ఉండేదని సాక్ష్యం చెబుతుంది. ఫ్రాన్స్‌లో షతోరూ నగర గ్రంథాలయంలోని 15వ శతాబ్దపు రాతప్రతిలో బొమ్మలను ఎవరో కత్తిరించుకుపోయారు. ఆ ముక్కలు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. పేజీ ఫోటో ఒక ఊరి సర్వర్ నుంచి, కత్తిరించిన బొమ్మ ఫోటో మరో ఊరి సర్వర్ నుంచి తెచ్చి ఒకే కాన్వాస్ మీద కూర్చితే ఆ పేజీ తెర మీద మళ్లీ నిండుగా కనిపించింది. సంబంధాన్ని సరిగ్గా రాసిపెడితే ఏం సాధ్యమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక ఫైలు సంగతి. 2.4 కోట్ల పిక్సెళ్ల కెమెరాతో తీసిన ఒక్క ఫోటో కుదించకపోతే దాదాపు 72 ఎంబీ. తెర మీద జాబితాలో చూపించే చిన్న బొమ్మకు 30 కేబీ చాలు. పెద్ద ఫైళ్లను డేటాబేస్‌లోనే దాచాలా, బయట ఉంచాలా అన్నది పాత వివాదం. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జిమ్ గ్రే బృందం కొలిచి చూసి, 256 కేబీ లోపు ఉన్నవి డేటాబేస్‌లో బాగా నడుస్తాయని, ఒక ఎంబీ దాటినవి బయట ఫైళ్లుగా ఉంటేనే మేలని తేల్చింది. ఫోటోలు సాధారణంగా రెండో కోవలోకి వస్తాయి.

అసలు ఫోటో, దాని నుంచి చేసిన చిన్న బొమ్మలు, ఈ రెంటికీ తేడా పాటించడం హైదరాబాద్‌కు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ‘ముసవ్విర్ జంగ్’ బిరుదిచ్చిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) నిజాం మహళ్లనూ అమీర్లనూ గాజు పలకల మీద బంధించాడు. ఒక్క గాజు నెగటివ్ నుంచి ఎన్ని ప్రింట్లయినా తీయవచ్చు. ప్రింట్ చిరిగినా, వెలిసినా నష్టం లేదు. పలక పగిలితే అంతే సంగతులు. ఆయన స్టూడియో పలకలకు నంబర్లు వేసేది, ఆ నంబరు ప్రింట్ల మీద కూడా కనిపిస్తుంది. అలాంటి 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. నేటి ఫ్రేమ్‌వర్క్‌లలో అసలు ఫైలుకు ఆ పలక స్థానం, వేరియంట్ అని పిలిచే చిన్న బొమ్మలకు ప్రింట్ స్థానం. రెయిల్స్ 6.1 నుంచి ఏ అసలు ఫైలు నుంచి ఏ వేరియంట్ పుట్టిందో కూడా పట్టికలో రాసి ఉంచుతుంది. వేరియంట్‌ను ఎప్పుడైనా చెరిపి మళ్లీ చేసుకోవచ్చు. అసలు ఫైలును తిప్పడం, కత్తిరించడం, వెలుగు పెంచడం ఎప్పుడూ చేయకూడదు.

మరి వస్తువు రికార్డును తీసేస్తే దాని ఫోటో ఫైలును ఏం చేయాలి? వెంటనే చెరిపేయాలని చాలామంది అనుకుంటారు. జాంగో మొదట్లో అలాగే చేసేది. 2011లో వచ్చిన 1.3 సంస్కరణలో ఆ పని మానేసింది. కారణం సూటిగా చెప్పింది. రికార్డు తొలగింపు మధ్యలో రద్దయితే రికార్డు వెనక్కి వస్తుంది, చెరిపేసిన ఫైలు రాదు. పైగా అదే ఫైలును మరో రికార్డు కూడా చూపిస్తూ ఉండొచ్చు. దీనికి ఎదురు ఇబ్బందీ ఉంది. ఫారం నింపుతూ ఫోటో పంపి, వివరాలు భద్రపరచకుండానే పేజీ మూసేస్తే ఆ ఫైలు ఏ వస్తువుకూ తగలకుండా మిగిలిపోతుంది. అలాంటివాటిని వెతికిపెట్టే సౌకర్యం యాక్టివ్ స్టోరేజ్‌లో ఉంది. కొన్ని రోజులు ఆగి, ఏ బంధమూ లేదని రూఢి చేసుకుని తీసేయడం సరైన పద్ధతి.

మ్యూజియం దాటి బయటికొస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. పాతబస్తీలోని గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి దక్షిణం వైపు ఫోటో తీయండి. ఎదురుగా చార్‌కమాన్ అనే నాలుగు కమాన్లలో ఒకటైన చార్మినార్ కమాన్, దాని వెనక 1591 నాటి చార్మినార్. ఫోటో ఒకటి, కట్టడాలు రెండు. చార్మినార్‌కు ఫోటోలు వేలకు వేలు. ఒకదానికి అనేకం కాదు, అనేకానికి అనేకం. ఇక్కడ జోడింపు పట్టిక లేకుండా గడవదు. పైగా ‘చార్మినార్’ అన్న మాటతో వెతికే వ్యవస్థకు చార్మినార్ కమాన్ ఫోటోలు కూడా చార్మినార్ ఖాతాలోనే పడిపోతాయి. కమాన్ అనే నాలుగు వందల ఏళ్ల కట్టడం జాబితాలో మాయమైపోతుంది. పక్కనున్న ప్రఖ్యాత కట్టడం నీడలో చిన్న కట్టడాలు నమోదుకు నోచుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పాతబస్తీలో దేవ్‌డీలు, కమాన్లు, బావులు, ఆషూర్‌ఖానాలు ఎన్నో ఉన్నాయి. వాటి ఫోటోలు జనం ఫోన్లలోనూ ఉన్నాయి.

ఆ ఫోటోలను ఒకచోట చేర్చే పని ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ప్రాజెక్టుగా చేయదగ్గది. చేసేవాళ్లకు ఒక మనవి. అప్‌లోడ్ బటన్ రాయకముందు కాగితం మీద కట్టడం, దృశ్యం, ఫైలు అని మూడు పట్టికలు గీసుకోండి. కట్టడానికి పేరుతో పాటు నంబరు ఇవ్వండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ కాకుండా తీసిన ఫోన్‌లోని అసలు ఫైలు అడగండి, ఎందుకంటే తీసిన తేదీ, సమయం ఆ ఫైలు లోపలే ఉంటాయి, వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అవి పోతాయి. ఇళ్ల లోపల తీసినవైతే బయట పెట్టే కాపీలో లొకేషన్ తీసేయండి. తీసినవారి పేరు, వారి అనుమతి దృశ్యం వరుసలో రాయండి. మొదలుపెట్టడానికి చార్మినార్ వద్దు, దాని ఫోటోలు ఇప్పటికే చాలా ఉన్నాయి. చార్‌కమాన్‌లోనే మరొకటైన మచ్లీ కమాన్‌తో మొదలుపెట్టండి.